ఆండీ వార్హోల్ స్క్రీన్ ప్రింట్లను మ్యూజియంలో ఎలా చూడాలి? వరంగల్‌లో తయారీ నుంచి చివరి గది దాకా

వేసవి సెలవుల్లో వరంగల్, హనుమకొండ, కరీంనగర్ నుంచి ఎందరో తల్లిదండ్రులు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తారు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి ఆలయ దర్శనం చాలామంది ప్రయాణంలో ఉంటుంది. రోజువారీ సరుకులు, సినీతారల ఫొటోలనే చిత్రాలుగా మలిచిన ‘పాప్’ ధోరణి చిత్రకారుడు ఆండీ వార్హోల్ పుట్టింది ఆ ఊళ్లోనే. ఆయన పేరిట 1994లో తెరిచిన ఏడంతస్తుల మ్యూజియం కూడా అక్కడే ఉంది. పిల్లలు తీసుకెళ్తారు, పెద్దలు చూసి వస్తారు. తిరిగొచ్చాక అడిగే ప్రశ్నలు మాత్రం మారవు. ఒకే ముఖాన్ని పదిసార్లు ఎందుకు వేశాడు? రంగు పెదవి దాటి పక్కకు పోయింది, అది తప్పు కాదా? అసలు అక్కడ ఏం చూడాలి?

నేను చెప్పేది ఒక్కటే. బొమ్మలో ఉన్నది ఎవరన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఏ రంగు మీద ఏ రంగు పడిందో ముందు చూడండి. ఈ చూపు అలవాటు చేసుకోవడానికి అమెరికా దాకా వెళ్లనక్కరలేదు, మన ఊళ్లోనే కుదురుతుంది. న్యూయార్క్, లండన్ మ్యూజియంలకు వెళ్లేవారికి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. ఇంట్లో ఉన్న శుభలేఖలతో మొదలుపెట్టండి

బీరువాలో దాచిన పాత పెళ్లి పత్రికలు ఒక పదో పన్నెండో బయటికి తీయండి. వాటితోపాటు ఒక గోడ క్యాలెండర్, ఒక భూతద్దం దగ్గర పెట్టుకోండి.

ముందు క్యాలెండర్ మీది దేవుడి బొమ్మను భూతద్దంలో చూడండి. నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు చిన్న చిన్న పూలలా గుంపులు కట్టి కనిపిస్తాయి. అది ఆఫ్‌సెట్ ముద్రణ. ఇక బంగారు రంగు అక్షరాలున్న పాత శుభలేఖను చూడండి. అక్షరం లోపల చుక్కలు ఉండవు, రంగు ఒకే ముద్దగా నిండి ఉంటుంది. కళ్లు మూసుకుని వేలి కొసతో తడిమితే అక్షరం కాగితం మీద కొద్దిగా పొంగినట్టు తగులుతుంది. అది స్క్రీన్ ప్రింటింగ్.

ఈ తేడా వేలికి ఒకసారి తెలిస్తే, మ్యూజియంలో ముట్టుకోకుండానే కంటికి తెలుస్తుంది. అక్కడ ఎలాగూ ముట్టుకోనివ్వరు కాబట్టి ఈ పని ఇక్కడే పూర్తి చేసుకోవాలి.

2. స్క్రీన్ ప్రింటింగ్ దుకాణంలో ఒక గంట కూర్చోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. దీన్ని దాటేసిన వారికి మిగతా మార్గదర్శి సగమే ఉపయోగపడుతుంది.

వరంగల్, హనుమకొండల్లో శుభలేఖలు, సంచులు, టీషర్టులు ముద్రించే దుకాణాలు ఉన్నాయి. చాలావాటిలో ఇప్పుడు డిజిటల్ యంత్రాలే ఉంటాయి కనుక చేత్తో స్క్రీన్ లాగే చోటు ఎక్కడుందో వాకబు చేయండి. ముహూర్తాలున్న రోజుల్లో వాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆషాఢంలో వెళ్తే నిదానంగా చూపిస్తారు. ఊరికే నిలబడి చూడటం మీకు ఇబ్బందిగా ఉంటే, రెండు రంగుల్లో చిన్న పని ఏదైనా అప్పగించండి. ఇంటి పేరు అచ్చు వేయించిన గుడ్డ సంచులైనా చాలు.

అక్కడ గమనించాల్సింది ఇది. చెక్క లేదా అల్యూమినియం ఫ్రేముకు సన్నని పాలిస్టర్ జాలీ బిగించి ఉంటుంది. దానికి వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి చీకట్లో ఆరబెడతారు. నల్లటి బొమ్మ ఉన్న పాజిటివ్ ఫిల్మును దానిపై ఉంచి లైటు వేస్తారు. నలుపు అడ్డున్న చోట ఎమల్షన్ గట్టిపడదు. నీళ్లతో కడిగితే అంతమేరకు పోయి జాలీ తెరుచుకుంటుంది. ఆ తెరుచుకున్న చోటే బొమ్మ.

తర్వాత ఫ్రేము ఒక చివర ఇంకు పోసి, స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో ఇవతలికి లాగుతారు. పట్టీ నడిచిన చోటల్లా జాలీ కాగితానికి అంటుకుని, వెంటనే చిన్న చప్పుడుతో విడిపోతుంది. ఫ్రేము ఎత్తగానే తడి మెరుపుతో అక్షరాలు కనిపిస్తాయి.

ఇప్పుడు పనివారిని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి, వీలైతే చేసి చూపించమనండి.

☐ ఇంకు తక్కువైతే లేదా జాలీలో ఆరిపోతే ఏమవుతుంది? (అచ్చు వెలిసినట్టు, అక్కడక్కడ విరిగినట్టు వస్తుంది.)
☐ ఇంకు ఎక్కువైతే? (అంచులు ముద్దకట్టి సన్నని గీతలు పూడుకుపోతాయి.)
☐ రెండో రంగు ఎలా వేస్తారు? (దానికి వేరే స్క్రీన్ కావాలి, మొదటి రంగు ఆరేదాకా ఆగాలి.)
☐ రెండో రంగు సరిగ్గా మొదటి దాని మీదే పడటానికి ఏం చేస్తారు? (కాగితం మూలలు ప్రతిసారీ ఒకే చోట ఆనేలా బల్ల మీద గుర్తులు, ఆనింపులు పెడతారు.)

వార్హోల్ గదిలో మీకు ఎదురయ్యే విశేషాల్లో చాలా వరకు ఈ నాలుగు జవాబుల్లోనే ఉన్నాయి.

3. ఏం చూడబోతున్నారో ముందే తెలుసుకోండి

కాగితం మీది ముద్రలకు వెలుతురు శత్రువు. అందుకే మ్యూజియంలు వాటిని కొన్నాళ్లు గోడకు పెట్టి, మళ్లీ చీకటి గదికి పంపుతాయి. మీరు ఆశించిన బొమ్మ మీరు వెళ్లిన రోజున గోడ మీద ఉండకపోవచ్చు. బయలుదేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్లో ప్రదర్శనలో ఉన్నవాటి జాబితా, సెలవు రోజు చూసుకోండి.

అన్నీ చదువుకుని వెళ్లనక్కరలేదు. ఈ కొన్ని తెలిస్తే చాలు.

మార్లిన్ మన్రో (హాలీవుడ్ నటి): 1962 ఆగస్టులో ఆమె చనిపోయాక వార్హోల్ ఆమె ముఖంతో కాన్వాసులు చేశాడు. ఆధారం 1953 నాటి నయాగరా చిత్రానికి తీసిన ప్రచార ఫొటో. 1962లోనే చేసిన మార్లిన్ డిప్టిచ్ (రెండు కాన్వాసుల జంట చిత్రం) లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. 1967లో అదే ముఖంతో కాగితం మీద 10 ముద్రల సంపుటి తెచ్చాడు. ఒక్కొక్కటి 36 అంగుళాల చదరం, ఒక్కో బొమ్మకు 250 ప్రతులు.

సూప్ డబ్బాలు (క్యాంప్‌బెల్ కంపెనీ సూప్ డబ్బాల బొమ్మలు): ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలోని 1962 నాటి 32 కాన్వాసులు స్క్రీన్ ప్రింట్లు కావు. వాటిని కుంచెతో వేశాడు, కింది వరుస పూల గుర్తులను చేతి అచ్చుతో అద్దాడు. 1968లో వచ్చిన 10 ముద్రల సంపుటి మాత్రం స్క్రీన్ ప్రింట్లు.

మావో (చైనా నాయకుడు): 1972, 10 ముద్రలు. ముఖం మీద పెన్నుతో పిచ్చిగీతలు గీసినట్టు ఉంటుంది.

అంతరించిపోతున్న జీవులు: 1983, 10 ముద్రలు. ఇందులో సైబీరియా పులి ఉంది. కవ్వాల్ అడవుల పులి కబుర్లు వింటూ పెరిగిన పిల్లలకు మొదట చూపించాల్సింది ఇదే.

బొమ్మ పక్కన ఉండే లేబుల్లో ఒక వరుస చాలా ముఖ్యం. ‘స్క్రీన్‌ప్రింట్ ఆన్ పేపర్’ అని ఉంటే అది ప్రతులుగా ముద్రించినది. ‘సిల్క్‌స్క్రీన్ ఇంక్’, దానితోపాటు ‘యాక్రిలిక్’ లేదా ‘సింథటిక్ పాలిమర్ పెయింట్’, చివర ‘కాన్వాస్’ లేదా ‘లినెన్’ అని ఉంటే అది రంగు, అచ్చు కలిసిన చిత్రం. ‘ఆఫ్‌సెట్ లిథోగ్రాఫ్’ అంటే మీరు క్యాలెండర్లో చూసిన పద్ధతికి చెందినది. 32 సూప్ డబ్బాల లేబుల్లో స్క్రీన్ అన్న మాటే కనిపించదు.

బయలుదేరే రోజు సరిచూసుకోవలసినవి:

☐ ముదురు రంగు బట్టలు. ముద్రల ముందు అద్దం ఉంటుంది. తెల్ల చొక్కా, లేత రంగు చీర అందులో ప్రతిఫలించి బొమ్మను కప్పేస్తాయి.
☐ పెన్సిల్, చిన్న నోట్‌బుక్. చాలా గ్యాలరీల్లో పెన్ను వాడనివ్వరు.
☐ దూరానికీ దగ్గరికీ పనికొచ్చే కళ్లజోడు.
☐ చిన్న సంచి. పెద్దది లాకర్లో పెట్టమంటారు.
☐ ఫోనులో ఫ్లాష్ ఆపేసి ఉండాలి.

4. గదిలోకి వెళ్లగానే ఆగండి

కాగితపు ముద్రల గదుల్లో వెలుతురు సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర ఉంచుతారు. బయటి ఎండలోంచి వచ్చిన కంటికి అది మసకగా అనిపిస్తుంది. గది మధ్యలో ఓ ఐదు నిమిషాలు నిలబడండి. రంగులు వాటంతట అవే తేరుకుంటాయి. వెంటనే లేబుల్ దగ్గరికి పరుగెత్తకండి.

ఆ ఐదు నిమిషాల్లో గది మొత్తం మీద ఒక చూపు తిప్పి, ఒక్క బొమ్మను ఎంచుకోండి. మీకు నచ్చినదే కానక్కరలేదు, చిరాకు పెట్టినదైనా సరే. మొత్తం సందర్శనలో దానికి 15 నిమిషాలు కేటాయించండి. మిగతావాటికి తలా రెండు నిమిషాలు చాలు.

5. పొరలు విప్పి చూడండి

ఎంచుకున్నది 1967 నాటి మార్లిన్ అనుకుందాం.

మొదట పది అడుగుల దూరంలో నిలబడండి. అక్కడి నుంచి అది ఫొటోలాగే కనిపిస్తుంది. ఇప్పుడు నెమ్మదిగా ముందుకు నడవండి. ఒక చోట ఆ ఫొటో విడిపోతుంది. జుట్టు ఒక రంగు పలక, ముఖం ఒకటి, కనురెప్పల మీద ఒకటి, పెదవులు ఒకటి, వెనక నేల ఒకటి. వాటన్నిటి మీద నలుపు. ఏ అడుగు దగ్గర విడిపోయిందో గుర్తుపెట్టుకోండి. ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు నడిచి ఆ చోటును మళ్లీ పట్టుకోండి.

సిబ్బంది అనుమతించినంత దగ్గరికి వచ్చాక నలుపును మాత్రమే చూడండి. కనుబొమ్మలు, ముక్కు నీడ, పెదవుల మధ్య గీత, జుట్టు వంపులు అన్నీ ఆ నలుపులోనే ఉన్నాయి. కంటికి అందితే అందులో ఫొటో చుక్కలు కూడా కనిపిస్తాయి. తర్వాత నలుపును మనసులో తీసేసి చూడండి. మిగిలేది కత్తిరించి అతికించిన రంగు కాగితాల్లాంటి ఆకారాలే. వాటిలో మనిషి పోలిక లేదు.

చేర్యాల నకాషీ పటం చూసినవారికి ఇది సులువుగా అందుతుంది. అక్కడ కూడా ఎర్రటి నేల, ఒంటి రంగులు, బట్టల రంగులు నిండాక చివర నల్లటి గీత వచ్చి బొమ్మను నిలబెడుతుంది. తేడా ఒక్కటే. నకాషీ కళాకారుడి గీత రంగు అంచును పట్టుకుని నడుస్తుంది. వార్హోల్ నలుపు ఎప్పుడో ఎవరో తీసిన ఫొటోలోంచి వచ్చింది, కింది రంగుతో దానికి పొత్తు లేదు. అందుకే పెదవి రంగు ఒక చోట, పెదవి గీత ఒక చోట పడతాయి.

ఇప్పుడు ఆ అంచుల దగ్గరే ఆగండి. పెదవుల రంగు నల్ల గీతకు ఎటువైపు జరిగింది? కనురెప్పల రంగు కంటిని ఎంతమేర దాటింది? మూలల గుర్తులు ఎలా పెడతారో దుకాణంలో చూశారు కదా. రంగును కచ్చితంగా కూర్చోబెట్టడం మామూలు పనివారికి వచ్చిన విద్యే. న్యూయార్క్‌లోని వృత్తి ముద్రాపకులకు అది చేతకాక కాదు. ఆ జరుగుబాటు కావాలని ఉంచుకున్నది. దానివల్లే ముఖం ముఖంలా కాక, ముఖానికి వేసిన అలంకరణలా కనిపిస్తుంది. ప్రచార ఫొటోలోని నటిని చూపడానికి ఇంతకంటే సూటి మార్గం నాకు తెలియదు.

చివరగా పక్కకు వెళ్లి, గోడ వెంట ఏటవాలుగా చూడండి. అద్దం మెరుపు అడ్డురాని కోణం దొరికితే, ఇంకు కాగితం మీద పొరగా నిలిచి ఉండటం, ఒక రంగు మరొక దానికంటే ఎక్కువ మెరవడం కనిపిస్తుంది. 1980 నాటి చెప్పుల చిత్రాల ముందు ఈ పక్క చూపు తప్పనిసరి. వాటి మీద చల్లిన మెరుపు పొడికి డైమండ్ డస్ట్ (వజ్రాల పొడి) అని పేరున్నా అది నిజానికి గాజు పొడి, ఎదురుగా నిలబడితే దాని తళుకు సరిగా తెలియదు.

6. వరుసను వరుసగానే చదవండి

ఒకే బొమ్మ పది రంగుల్లో పక్కపక్కన ఉంటే చాలామంది ఒకటి చూసి మిగతావి వదిలేస్తారు. నిజానికి పని జరిగేది వాటి మధ్యే.

నోట్‌బుక్‌లో రెండు గడులు గీయండి. మొదటి దానిలో మారనివి రాయండి: ముఖం కొలత, తల వంపు, నలుపు ఆకారం. రెండో దానిలో మారినవి: నేల, చర్మం, జుట్టు, నల్ల పొర రంగు. అవును, నలుపు స్థానంలో వేరే రంగు వేసిన ముద్రలు కూడా ఎదురవుతాయి. మార్లిన్ సంపుటిలో ఒకటి పూర్తిగా బూడిద, నలుపు ఛాయల్లో ఉంటుంది. మిగతా తొమ్మిదిటిలోని ఉత్సాహం దానిలో ఉండదు. రంగు మార్చితే మనిషి మనఃస్థితి మారినట్టు ఎందుకు అనిపిస్తోందో అక్కడ నిలబడి ఆలోచించండి, ఆమె కవళికలు ఒక్క వెంట్రుక కూడా కదలలేదు.

టేట్‌లోని డిప్టిచ్‌లో సంగతి వేరు. రెండు కాన్వాసులు, 50 ముఖాలు. ఎడమ 25 రంగుల్లో, కుడి 25 నలుపు తెలుపుల్లో. కుడివైపు ఒక చోట ఇంకు ముద్దకట్టి ముఖం పూడుకుపోయింది, అంచుకు వెళ్లేకొద్దీ ముఖం వెలిసిపోయింది. దుకాణంలో మొదటి రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబులే ఇవి. శుభలేఖల పనివాడు పక్కన పారేసే ప్రతులు ఇక్కడ వరుసలో చోటు సంపాదించాయి. ఇంకు తగ్గడం అనే మామూలు సంగతి, చనిపోయిన మనిషి విషయంలో ఏం చెబుతోందో వేరే వివరించనక్కరలేదు.

7. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

ఫోనులోంచి చూడటం. ముందు కంటితో చూసి, చివర ఒకే ఒక్క ఫొటో తీసుకోండి. అదీ మొత్తం బొమ్మది వద్దు, మీకు ఆసక్తి కలిగించిన ఒక అంచుది. మొత్తం బొమ్మ ఎలాగూ మ్యూజియం వెబ్‌సైట్లో ఇంతకంటే బాగా దొరుకుతుంది.

సంతకం కోసం వెతకడం. 1967 మార్లిన్ ముద్రల్లో పెన్సిల్ సంతకం, రబ్బరు ముద్రతో వేసిన ప్రతి సంఖ్య కాగితం వెనకవైపు ఉంటాయి. ముందు కనబడకపోతే నకిలీ అనుకోవద్దు.

“ఇది కంప్యూటర్లో నిమిషంలో చేయొచ్చు” అనడం. రంగు మార్చడం నిమిషం పనే. స్క్వీజీ ఒత్తిడి, ఇంకు మందం, రంగు ఎంత జరగాలన్న నిర్ణయం తెర మీద ఉండవు. ఈ మాట అనాలనిపిస్తే రెండో అడుగుకు తిరిగి వెళ్లండి.

“ఆయనే ముద్రించాడా?” అన్న ప్రశ్న దగ్గర ఆగిపోవడం. 1963 నుంచి స్టూడియోలో జెరార్డ్ మలాంగా స్క్రీన్లు లాగడంలో సాయపడ్డాడు. 1977 తర్వాత చాలా ముద్రలు రూపర్ట్ జేసన్ స్మిత్ చేతిమీదుగా వచ్చాయి. ఫొటో ఎంపిక, ఎక్కడ కత్తిరించాలి, ఏ రంగులు, ఏ ప్రతిని ఉంచాలి అన్న చోట్ల వార్హోల్‌ను వెతకండి.

చుక్కలు కనిపిస్తే అందరినీ ఒకటే అనుకోవడం. మరో పాప్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టీన్ కాన్వాసుల్లోని చుక్కలు అచ్చు యంత్రం వదిలినవి కావు, రంధ్రాల పలక సాయంతో చేత్తో దిద్దినవి. పక్క గదిలో ఆయన చిత్రం ఉంటే వెళ్లి పోల్చండి.

ఒక్కరోజులో ఏడంతస్తులూ చుట్టేయడం. రెండు అంతస్తులు చాలు. గంటన్నర దాటాక కన్ను రంగుల మధ్య తేడా పట్టదు.

8. పిల్లలతో, పెద్దలతో వెళ్తే

పిల్లలకు ప్రశ్న ఒక్కటే ఇవ్వండి: చివర వేసిన రంగు ఏది? పులి, ఏనుగు ముద్రల ముందు ఈ ప్రశ్న పెడితే గీతలు రంగు పైన ఉన్నాయా కింద ఉన్నాయా అని వాళ్లే వెతుకుతారు. మావో ముఖం మీది గీతలు చేతితో గీసినవా, స్క్రీన్ ద్వారా వచ్చినవా అని అడగండి. స్క్రీన్ ద్వారానే వచ్చాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు చక్రాల కుర్చీ ఏర్పాటు ఉందేమో ముందే కనుక్కోండి. అమ్మానాన్నలకు చరిత్ర పాఠం చెప్పకండి. పట్టుచీర అంచు రంగు ఒంటి రంగుతో కలుస్తుందా లేదా అని జీవితమంతా తేల్చిన కన్ను అమ్మది. ఈ పదిటిలో ఏ రంగుల జత నీకు కుదిరినట్టుంది అని అడిగి, ఆమె చెప్పేది వినండి.

9. బయటికి వచ్చాక

మ్యూజియం దుకాణంలో అమ్మే పోస్టర్లు దాదాపు అన్నీ ఆఫ్‌సెట్ లేదా డిజిటల్ ముద్రలే. ఇంటికి జ్ఞాపకంగా తెచ్చుకోవచ్చు, స్క్రీన్ ప్రింట్ అనుకుని ఎక్కువ డబ్బు పెట్టవద్దు. వార్హోల్ ముద్ర అంటూ బయట ఎవరైనా అమ్మజూపితే వెనకవైపు చూపించమనండి. సండే బి. మార్నింగ్ పేరుతో వచ్చిన పునర్ముద్రణలు స్క్రీన్ మీద చేసినవే, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, కానీ వార్హోల్ 250 ప్రతుల సంపుటిలోవి కావు.

ఊరికి తిరిగొచ్చాక ఈ చూపును హైదరాబాద్‌లో కొనసాగించవచ్చు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం చిత్రాలకు స్క్రీన్ పద్ధతిలో తీసిన ముద్రలు గ్యాలరీల్లో సెరిగ్రాఫ్ పేరుతో కనిపిస్తాయి. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ముద్రణ చిత్రాల ప్రదర్శన ఉందేమో కనుక్కుంటూ ఉండండి. వైకుంఠం ఎర్ర బొట్టు, పసుపు పూసిన ముఖం, చీర అంచు ముందు నిలబడి అదే వరుసలో చూడండి: పది అడుగులు, దగ్గర, ఏటవాలు. వార్హోల్ రంగు ఎక్కడ గీత దాటిందో, ఈయన రంగు ఎక్కడ గీతలోపల ఆగిందో నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకోండి.